మిషను పెద్దమ్మ చప్పట్లు

కుట్టు మిషను తొక్కి పిల్లల్ని పెంచిన మనిషి కాబట్టి వీధంతా ఆమెను మిషను పెద్దమ్మ అనేది. ఏది చూపించినా కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, "ఊఁ, బాగానే ఉందిలే" అనేది. కొడుకు కొత్త ఫ్రిజ్ తెచ్చినప్పుడూ అదే మాట, మనవరాలు పరుగుపందెంలో కప్పు గెలిచినప్పుడూ అదే మాట.

అలాంటి పెద్దమ్మ ఇంట్లో మేడమీది గదిలోకి ఒక మేజిక్ మాస్టారు భార్యతో అద్దెకు దిగాడు. దిగిన రోజే పెద్దమ్మ చెవి వెనక నుంచి గులాబీ తీశాడు.

"ముల్లుంది, చూసుకో బాబూ," అని ఆమె మళ్ళీ బెండకాయలు తరగడంలో పడింది.

మాస్టారికి ఆ పూట అన్నం సయించలేదు. మర్నాడు ఖాళీ టోపీలోంచి పావురాన్ని తీశాడు. "పాపం, గింజలేమైనా వేశావా దానికి?" అంది. ఆ తర్వాత భార్యను పెట్టెలో పడుకోబెట్టి రంపంతో రెండుగా కోశాడు. ఇంటిల్లిపాదీ కెవ్వుమన్నారు. పెద్దమ్మ ఆవులించి, "కోత వంకర పోయింది," అంది.

"ఊరంతా చప్పట్లు కొడుతుంటే ఆవిడొక్కరితో మీకేం పని?" అని భార్య తల బాదుకుంది.

"ఆవిడొక్కరే కొట్టలేదు కాబట్టి!"

చివరికి వీధి మలుపులోని హాల్లో పెద్ద ప్రదర్శన పెట్టి, పెద్దమ్మను ముందు వరుసలో కూర్చోబెట్టాడు. నల్లకోటు విదిలించి "మాయం!" అన్నాడో లేదో, లోపలి జేబు పర్రున చిరిగింది. పేకముక్కలు, గుడ్లు, రంగు రుమాళ్ళు వేదికంతా దొర్లాయి. పావురం తాపీగా వెళ్ళి ఆయన నెత్తిన కూర్చుంది.

హాలు బిక్కచచ్చిపోయింది. అంతలో ముందు వరుసలో ఎవరో పకపకా నవ్వారు. పెద్దమ్మే! పొట్ట పట్టుకుని నవ్వి, కళ్ళు తుడుచుకుని, చప్పట్లు కూడా కొట్టింది. ఇక హాలంతా అందుకుంది.

మాస్టారు ఇంటికెళ్ళి తలుపేసుకున్నాడు. పెద్దమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కి తలుపు తట్టింది.

"మళ్ళీ ఎప్పుడు చేస్తావు?"

"ఏడిపించకండి పెద్దమ్మా. పరువు మంటగలిసింది."

"కలిస్తే కలిసిందిలే. ఇంతలా నవ్వి ఎన్నేళ్ళయిందో! ఆ కోటు ఇలా తే."

దారం కొస లాగితే చాలు ఊడివచ్చేలా ఆ జేబును వదులుగా కుట్టి ఇచ్చింది. ఇప్పుడు మాస్టారి మేజిక్ అంటే అన్నీ బెడిసికొట్టే మేజిక్. పిలుపులకు కొదవలేదు. ప్రతి ప్రదర్శనకూ పెద్దమ్మ సూదీదారంతో వెళ్తుంది. చిక్కల్లా ఒకటే: జేబు చిరగకముందే ఆమెకు నవ్వొచ్చేస్తుంది.

"ఇంకా కాలేదు పెద్దమ్మా, కాస్త ఆగండి," అని మాస్టారు వేదిక మీంచి బతిమాలుకుంటాడు. జనం అది కూడా ఆటలో భాగమే అనుకుంటారు.