పండగ పొద్దున కొత్త తీగలు

మా పిల్లల చిన్నప్పుడు... తొంభైల చివర్లో అనుకోండి... నరసాపురం దగ్గర మా పేటలో, చర్చి అరుగు మీద మా అమ్మాయి కృప గిటారు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు.

ఆ గిటారు ఒక టీచరుగారిది. బదిలీ అయి వెళ్తూ చర్చికి ఇచ్చేసి వెళ్లారు. వెళ్లేలోగా మా కృపకు నేర్పారు. దానికి అప్పుడు పధ్నాలుగేళ్లు. ఆదివారం ఆరాధనలో పాటలకు వాయించేది అదే.

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మనవరాలు ఫోన్లో రాసి, నలుగురూ చదివేలా పెడుతోంది. కానీ చెవులున్నాయి కదా... పక్కన కూర్చుని లేసు అల్లుకుంటూ అంతా వినేదాన్ని.

ముందు హార్మోనియం మెట్టు నొక్కి, దానితో లావు తీగను కలిపేది. తర్వాత ఆ తీగను అయిదో మెట్టు దగ్గర నొక్కి మీటి, పక్క తీగను ఊరికే మీటేది. రెండూ కలవకపోతే మోత అలలా ఊగుతుంది. గిటారు తల దగ్గర తీగ బిగించే మర తిప్పే కొద్దీ ఆ ఊపు నెమ్మదించి... నెమ్మదించి... ఆగిపోతుంది. అప్పుడు కృప తలెత్తి నవ్వేది. ఆ నవ్వు చూడాలి మీరు!

సముద్రపు గాలికి తీగలు తుప్పు పట్టాయి. క్రిస్మస్ దగ్గర పడుతుంటే మా సంఘపెద్దగారు రాజమండ్రి నుంచి కొత్త తీగలు తెప్పించారు. తెప్పించి, విప్పనివ్వకుండా బల్ల మీద పెట్టారు. పండగ పొద్దున ప్రార్థన చేసి విప్పుతారట!

కృప బతిమాలింది. "ఇప్పుడే వేసేద్దామండి. కొత్త తీగలు సాగుతాయండి. రోజూ లాగి బిగిస్తుంటే పండగ నాటికి నిలబడతాయండి."

ఆయన నవ్వారు. "ఏమ్మా, పండక్కి కొన్న కొత్త చీర ముందే కట్టేసుకుంటారా ఎవరైనా?"

అక్కడున్న వాళ్లందరూ నవ్వారు. మా వాళ్లకు పండగంటే అన్నీ ఆ పొద్దున్నే కొత్తవి కావాలి... బట్టలూ, చెప్పులూ, చివరికి తీగలూ.

పండగ పొద్దున ప్రార్థన అయింది, కృప తీగలు వేసింది, శృతి చేసింది. మొదటి పాట రెండో చరణానికే తీగలు సాగి శృతి దిగిపోయింది. పాట ఆగగానే బిగించింది. రెండో పాటలో మళ్లీ దిగింది. జనం నిండా ఉన్నారు. పాడేవాళ్లు ఒక దారి, గిటారు ఒక దారి.

వెనక నుంచి ఎవరో అన్నారు, "మరలు తిప్పడానికే సరిపోయింది, పాటెప్పుడే పిల్లా?"

నాకు ఒళ్లు మండింది. ఆడవాళ్ల చాపల మీద నుంచి లేచి నిలబడ్డాను.

"కొత్త నులకమంచం పడుకోగానే కుంగదా అండీ? మళ్లీ బిగించుకోమా? ఇదీ అంతే. పిల్లని బిగించుకోనివ్వండి!"

"దేవుడి సన్నిధిలో మంచాల గొడవేంటి సుందరమ్మా... కూర్చో," అన్నారు సంఘపెద్దగారు. జనం మళ్లీ నవ్వారు.

ఆయన వచ్చి కృప ఒళ్లోంచి గిటారు తీసుకున్నారు. "ఆడపిల్ల చెయ్యి పాపం, మరలు గట్టిగా బిగించలేకపోతోంది. సాయంత్రం కార్యక్రమానికి మా విక్టర్ వాయిస్తాడు," అన్నారు. విక్టర్ ఆయన కొడుకు. నాలుగు పాటలు వాయించడం వచ్చు. శృతి చెయ్యడం మాత్రం రాదు.

అందుకే ఆరాధన అయ్యాక గిటారు మళ్లీ కృపకే ఇచ్చారు. "కాస్త సరి చేసి ఉంచమ్మా," అని!

అందరూ పండగ భోజనాలకు కూర్చున్నారు. కృప చర్చి మెట్ల మీద కూర్చుంది. ఒక్కో తీగనూ వేళ్లతో పైకి లాగడం, దిగిన శృతిని మళ్లీ బిగించడం... లాగడం, బిగించడం... వేళ్ల చివర్లు కందిపోయాయి.

"వదిలెయ్యవే, వాళ్ల తిప్పలు వాళ్లు పడతారు," అన్నాను.

"తీగలేం తప్పు చేశాయమ్మా," అంది, తలెత్తకుండా.

సాయంత్రానికి తీగలు సాగడం మానేశాయి. విక్టర్ ఎన్ని పాటలు వాయించినా శృతి చెక్కు చెదరలేదు. సంఘపెద్దగారు లేచి అందరికీ వినపడేలా అన్నారు, "చూశారా! మగపిల్లాడి చేతిలో పడేసరికి గిటారు బుద్ధిగా ఉంది."

జనం చప్పట్లు కొట్టారు. ఆ మర్నాటి నుంచి గిటారు విక్టర్‌ది. కృప మళ్లీ దాన్ని ముట్టుకోలేదు. నేను అడిగినప్పుడల్లా "పనుందమ్మా" అనేది. ఇప్పుడు రాజమండ్రిలో నర్సు. వంట చేసుకుంటూ కూడా పాట పాడదు.

ఈ రోజుల్లో బట్టల క్లిప్పులాంటిది గిటారు తలకు తగిలిస్తున్నారు. తీగ కలిస్తే పచ్చ దీపం వెలుగుతుంది. దీపం చెప్పింది కదా, ఇక ఎవరూ ఎదురాడరు. ఆనాడు నా కూతురు చెవి చెప్పిన మాటకు మాత్రం నవ్వారు.

మొన్న చర్చిలో విక్టర్‌కు శాలువా కప్పారు. ఇన్నేళ్లు గిటారుతో సేవ చేశాడని. మొదటి రోజు నుంచీ అతని చేతిలో శృతి తప్పలేదని మైకులో చెప్పారు. సెలవు పెట్టి వచ్చి నా పక్కనే కూర్చున్న కృప కూడా చప్పట్లు కొట్టింది.

నేను కొట్టలేదు. అందుకే ఇది రాయిస్తున్నాను... ఆ తీగలను నిలబెట్టింది నా కూతురు. ఇలా మీ చేతిలోది లాగేసుకుని, పని మాత్రం మీ చేతే చేయించుకుని, పేరు ఇంకొకరికి ఇచ్చిన రోజు మీకూ ఉంటే... మీ పేరుతో సహా దీని కిందే రాసి చెప్పండి. మనవరాలి చేత చదివించుకుని వింటాను.