లేవమనే ఫోను

దేవకుమారిది పోర్టు దగ్గర లారీలు తూచే కాటా గదిలో ఉద్యోగం. పొద్దస్తమానం కుర్చీలోనే ఉండి నడుం పట్టేస్తోందని కూతురు రేచల్ ఆమె ఫోన్‌లో ఒక యాప్ పెట్టింది. ఎక్కువసేపు కదలకపోతే అది లేవమంటుంది. తీరా ఆమె లేచి నిలబడితే, కాటా మూసేస్తున్నారనుకుని డ్రైవర్లంతా ఒకటే హారన్లు. చేసేది లేక మళ్లీ కూలబడేది.

ఆ సాయంత్రం బస్సులో సీటు దొరకలేదు. దువ్వాడ దాకా కడ్డీ పట్టుకుని నిలబడే వచ్చింది. ఇంటి ముందే బస్సు దిగి గుమ్మంలో కూర్చుందో లేదో, సంచిలో ఫోను మోగింది. రేచల్ తీసి చదివింది: "చాలాసేపటి నుంచి కూర్చున్నారు. లేవండి."

"బస్సులో నిలబడే వచ్చాను కదే!"

"అడుగులెయ్యలేదు కదమ్మా. దానికి కూకున్నట్టే లెక్క."

"అయితే రేపు డ్యూటీకి దాన్నే పంపు. నానింక లెగను."