‘ఉంటది’ అన్న మాట

బోధన్ వైపు చెరకు తోటల మధ్య ఒక చిన్న నర్సింగ్ హోమ్ పెట్టారు. దానికి రిజిస్ట్రేషన్ ఇవ్వవచ్చో లేదో చూసి రమ్మని జిల్లా వైద్య కార్యాలయం నన్ను పంపింది. మంచాలు చూశాను, ఆపరేషన్ గది చూశాను. ఆక్సిజన్ సిలిండర్లు పెట్టే గదికి మాత్రం తాళం వేసి ఉంది.

“లోపల సిలిండర్ ఉన్నదా?” అని మేనేజర్‌ను అడిగాను.

“ఉంటది సార్. చాయ్‌పత్తి లేకుంట చాయ్ హోటల్ నడుస్తదా? తాళంచెవి కంపౌండర్ తాన ఉన్నది. నిజామాబాద్ పోయిండు, గిప్పుడే అస్తడు. కూసోండ్రి.”

ఆ చాయ్ మాటకు నవ్వాను కూడా. మా వైపు ‘ఉంటది’ అంటే ఉందని కాదు, ఉండే ఉంటుందని. ఇక్కడే పుట్టి పెరిగినవాణ్ని, ఆ తేడా తెలియక కాదు. ఎండగా ఉంది, ఆకలిగా ఉంది. కంపౌండర్ వచ్చేదాకా ఆగకుండా ‘ఉంది’ అని రాసి సంతకం పెట్టాను. దాంతో రిజిస్ట్రేషన్ కాగితం వచ్చింది.

ఆ చలికాలంలో పక్క ఊరి రైతు ఒకాయన, ఊపిరాడని తల్లిని ఆటోలో అక్కడికే తీసుకొచ్చాడు. ఆ గదిలో ఉన్నవన్నీ ఖాళీ సిలిండర్లే. నిజామాబాద్ తీసుకుపొమ్మన్నారు. ఆమె దారిలోనే పోయింది.

కర్మ అయిపోయాక ఆయన మా ఆఫీసుకు వచ్చాడు.

“దవాఖాన గోడకు మీరిచ్చిన రిజిస్ట్రేషన్ కాగితం జూసి నిమ్మలపడ్డ సార్. మీరు గా సిలిండర్ జూసిండ్రా?”

“చూడలేదు” అన్నాను. అబద్ధం నోటికి రాలేదు.

“గదే రాసియ్యుండ్రి. సిలిండర్ నిండుగనే ఉండెనట, నేనే ఆలస్యం జేసిన్నట, దవాఖానోళ్లు అంటున్నరు. మా అక్క గూడ గదే నమ్మింది. ‘కన్న అవ్వను సంపినోనివి, నా గడప తొక్కకు’ అన్నది.”

రేపు రమ్మన్నాను. రాసిస్తే నా ఉద్యోగం పోతుందని ఇంటికి వెళ్లాక భయం పట్టుకుంది. మరునాడు నేను క్యాంపుకు పోయానని అటెండర్‌తో చెప్పించి, తలుపు వెనక కూర్చున్నాను.

“ఏం ఫికర్ లేదన్నా, సార్ వచ్చేదాంక కూసుంట” అంటున్నాడు ఆయన.

సాయంత్రం దాకా బెంచీ మీదే ఉన్నాడు. నేను వెనక గేటు నుంచి వెళ్లిపోయాను.

మళ్లీ ఆయన రాలేదు. అక్క ఆయనను గడప తొక్కనిచ్చిందో లేదో తెలియదు. వాళ్ల ఊరు నాకు తెలుసు, బస్సు కూడా ఉంది. ఇప్పటిదాకా పోలేదు.