రెండో చుట్టు

శుక్రవారం ఉదయం ఐదూ నలభైకి మా ఆయన కడపామె పెట్టెకు తాడు కట్టడం మొదలుపెట్టారు. షినాస్ అనే ఈ గల్ఫ్ ఊళ్లో మేముండే బిల్డింగ్ వరండాలో ఆ పని చేసేవారు. ఆమె వెనక వీధిలో ఒక అరబ్బు ఇంట్లో పనిచేస్తుంది. రెండేళ్లకోసారి సెలవు. అట్టపెట్టెలో పాలపొడి, ఖర్జూరాలు, సబ్బులు, రెండు దుప్పట్లు ఉన్నాయి. ఊరెళ్లే తెలుగువాళ్లంతా పెట్టెలు ఆయన దగ్గరికే తెచ్చేవారు. చుట్టూ నైలాన్ తాడుతో వల అల్లినట్టు గళ్లు గళ్లుగా కట్టేవారు.

"గట్టిగ కట్టన్నా. దావలో పగిలితే నా పరువు పోతాది."

"నా కట్టు ఎప్పుడైనా పగిలిందా?"

"పగల్లేదులే. పోయినతూరి విప్పేదానికి మా ఇంటాయన కొడవలి తెచ్చినాడు. ఎవడే వీడు, పెట్టెలో సొరచేప పెట్టి కట్టినాడా అన్యాడు."

ఆయన నవ్వి, ముడికి రెండో చుట్టు వేసి బిగించారు. వల ముడికి మామూలుగా ఒక చుట్టు చాలు. నైలాన్ నున్నగా ఉంటుంది కాబట్టి బరువు పడితే ఒంటిచుట్టు ముడి జారుతుంది. రెండో చుట్టు వేస్తే జారదు. కాకినాడ వైపు సముద్రపు ఒడ్డున పుట్టిన మనిషి. ఏడో ఏట వాళ్ల నాన్న నేర్పిన ముడి అది.

ఇక్కడ వలల యార్డులో ఆయన ఉద్యోగం. శుక్రవారం డ్యూటీ లేదు, మాకు చర్చి ఉంటుంది. ఆ రోజు తొమ్మిదికి ఫోర్‌మన్ ఫోన్ చేసి రమ్మన్నాడు. పక్క రేవుకు మరమ్మతుకు వచ్చిన పెద్ద ఓడ తాలూకు వల ట్రెయిలర్లలో వచ్చిందట. నేనొక్కదాన్నే చర్చికి వెళ్లాను.

మధ్యాహ్నం ఆయన ఆ ఓడ వంటవాణ్ణి భోజనానికి వెంటబెట్టుకొచ్చారు. భీమిలి మనిషి, నలభై దాటాయి. యార్డులో తెలుగు వినబడేసరికి వదల్లేదట. చేపల పులుసు రెండుసార్లు వేయించుకున్నాడు.

"ఆ వలతో ఏం పడతారు?" అని అడిగాను.

"మన రొయ్యపొట్టు లాంటిది వదినా. క్రిల్ అంటారు. భూమికి అడుగున, మంచు సముద్రంలో."

"రొయ్యపొట్టుకి అంత వలా?" అన్నారు మా ఆయన.

"ఏటన్నా అలాగంటావు, ఊళ్లంత మందలుంటాయి. చేపల మేతకి పోద్ది. నూనె తీసి మందుబిళ్లల్లో పోస్తారు. మీ ఆసుపత్రిలో ఎర్రవి సూళ్లేదా వదినా?"

చూశాను. నేను నర్సుని. ఇవి గుండెకు మంచివేనా అని సీసా పట్టుకొచ్చి అడిగేవాళ్లు ఉంటారు. అందులో ఏముందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

"మరి అక్కడ దాన్ని తినేవి ఏవి?" అని అడిగాను.

"అన్నీ అదే తింటాయి. తిమింగలాలు, పెంగ్విన్‌లు, సీళ్లు. మంద ఎక్కడుందో వాటికి పుట్టుకతో తెలుసు. మాకు మిషను సెప్తాది. అందరం ఒక్కసోటికే సేరతాం."

మా ఆయన అన్నం కలిపి వదిలేశారు. "వల ఎంతసేపటికి పైకి తీస్తారు?"

"తియ్యరన్నా. నీళ్లలోనే ఉంచి గొట్టంతో పీలుస్తారు. ఒక్కోసారి రోజుల తరబడి."

"సీలు లోపలికి దూరితే?"

"నేను వంటోణ్ణన్నా. డెక్కు మీద సంగతి నాకేటి తెలుస్తాది?" అని లేచి చెయ్యి కడుక్కున్నాడు.

అతను వెళ్లాక ఆయన చెప్పారు. వలలో, చివరి సంచికి ముందు, పెద్ద కన్నులతో ఏటవాలు తెర ఒకటి ఉంటుంది. క్రిల్ ఆ కన్నుల్లోంచి సంచిలోకి పోతుంది. సీలు పట్టదు కాబట్టి తెర వెంబడి పైకి జారి, వల కప్పులో ఉన్న తలుపులోంచి బయటపడుతుంది. అది లేకుండా అక్కడ వేటాడకూడదు. కానీ ఆ తలుపులోంచి క్రిల్ కూడా కొంత పోతోందని ఓడ వాళ్ల బాధ. అదే రంగు వలముక్క వేసి తలుపు కుట్టేయమని ఫోర్‌మన్ చెప్పాడు. దూరం నుంచి చూసేవాళ్లకు తేడా తెలియదు.

ఈ పని ఆయనకు కొత్త కాదు. కుర్రతనంలో హార్బర్‌లో మర పడవల వలలకు తాబేళ్లు బయటపడే తలుపులు పెట్టమని సర్కారు ఆర్డరు వస్తే, పెట్టిన వారంలోనే ఓనర్లు కుట్టించేశారు. కుట్టినవాళ్లలో ఆయనొకరు. చలికాలం గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు రావలసిన తాబేళ్లు ఉబ్బి ఒడ్డుకు కొట్టుకొచ్చేవి. ఒంటి మీద గాయం ఉండేది కాదు. ఊపిరి తీసుకోవడానికి పైకి రాలేక చచ్చినవి. పొద్దున్నే ఆ ఒడ్డునే నడిచి పనికి వెళ్లేవాణ్ణని నాతో పెళ్లయిన కొత్తలో ఒకసారి చెప్పారు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

"చెయ్యనంటే?" అన్నాను.

"నా పక్కన పనిచేసే బంగ్లాదేశ్ అతను కుడతాడు."

ఆ నెలాఖరుకు ఆయన వీసా రెన్యువల్ ఉంది. "కుట్టెయ్యండి. మీరు కాకపోతే ఇంకొకరు కుడతారు" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

ఆయన టీ తాగుతూ చాలాసేపు కూర్చున్నారు. తర్వాత మొహం తేటపడింది.

"ఒంటిచుట్టు వేస్తాను. తాడు వాళ్లదే, ముడి నాది కదా. సీలు ఒక్క తోపు తోస్తే జారిపోద్ది."

శని, ఆదివారాలు కుట్టారు. ఫోర్‌మన్ చేత్తో లాగి చూసి సరేనన్నాడు. మనిషి లాగితే ఏమీ కాదు, సీలు బరువుకు విడిపోతుంది అని ఇంటికొచ్చి చెప్పారు. రెండు వారాలకు ఓడ వెళ్లిపోయింది. వీసా స్టాంపు పడింది.

ఆ చలికాలమంతా ఆ సముద్రం గురించి దొరికింది చదివాను. చదివింది భోజనాల దగ్గర ఆయనకు చెప్పేదాన్ని. మనుషులు అక్కడికి మొదట సీళ్ల చర్మం కోసం వెళ్లారు. అవి దాదాపు అయిపోయాక నూనె కోసం తిమింగలాలను చంపారు. అవీ తరిగాక, ఇప్పుడు అవి తినేదాన్ని తెస్తున్నారు. క్రిల్ పిల్లలు చలికాలం సముద్రపు మంచు కింద బతుకుతాయి. ఆ మంచు కూడా తగ్గుతోంది. ఆయన అన్నీ విని ఒకటే అడిగేవారు.

"సీలు ఎంతసేపు ఊపిరి బిగబట్టగలదు?"

"జాతిని బట్టి. కొన్ని పది నిమిషాలకు మించి ఉండలేవట."

"ఒక్క తోపు చాలులే," అనేవారు.

ఫిబ్రవరిలో ఒకరోజు నేను డ్యూటీకి తయారవుతుండగా ఆయన ఫోనుకు వంటవాడి దగ్గర్నుంచి ఫొటో వచ్చింది. వెనకే వాయిస్ మెసేజ్. "అన్నా, ఎవరికీ సూపించకు. మూడున్నాయి. నీళ్లలోకి తోసెయ్యమన్నారు."

ఫొటోలో ఓడ డెక్కు మీద వల, అందులో ఒక సీలు. కుట్టిన తలుపు దగ్గరే ఉంది. ముక్కు వలకన్నులోంచి బయటికొచ్చి ఉంది. నేను దాని మొహం చూశాను. ఆయన చూడలేదు. వేళ్లతో ఫొటోను పెద్దది చేసి, కుట్టు వరస వెంబడి ఒక్కో ముడీ చూసుకుంటూ పోయారు.

"రెండో చుట్టు ఉంది," అన్నారు.

"ఎవరైనా మళ్లీ కుట్టారేమో."

"నా ముడి నాకు తెలీదా? మొదటి పది ఒంటిచుట్టే. తర్వాత అన్నీ రెండు. ఎప్పుడు మొదలైందో తెలీదు. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది." ఫోను బోర్లా పెట్టారు. "బంగ్లా అతను కుట్టినా బాగుండేది. అతనికి రెండో చుట్టు రాదు."

నేను బ్యాగు తీసుకున్నాను. ఆసుపత్రి బస్సు హారన్ కొడితే వెళ్లిపోయాను.

ఆ తర్వాత ఎవరు పెట్టె తెచ్చినా బొటనవేలు నొప్పి అనేవారు. సెలవు నుంచి ఎప్పుడో తిరిగొచ్చిన కడపామె, ఊరెళ్లే ఎవరి చేతో పంపడానికి చిన్న పెట్టె పట్టుకొచ్చింది.

"ఏందన్నా, పెద్దమనిషివైపోయినావా? మా అట్లాటోళ్ల పెట్టెలు కట్టవా?"

ఆయన లోపలికి వెళ్లి, బజారులో కొన్న వెడల్పు టేపు తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. ఆమె నా వైపు చూసింది. నేను కత్తెర తెచ్చిచ్చాను.

మే నెలలో, యార్డులో మధ్యాహ్నం రెస్టు టైములో, షెడ్డు నీడన పడుకున్న మా ఆయన మళ్లీ లేవలేదు. గుండె అన్నారు. కాగితాల పని ఆరు రోజులు పట్టింది. ఊరికి పంపే పెట్టెకు మేకులు కొట్టారు. నేను వెంట వెళ్లి, నెల తర్వాత డ్యూటీలో చేరాను.

సంగతి తెలిసి వంటవాడు ఏదో రేవు నుంచి ఫోన్ చేశాడు. ఏడ్చాడు. అంత మంచి పులుసు మళ్లీ తినలేదన్నాడు. చివర్లో నేనే అడిగాను.

"ఆ కుట్టు ఉందా?"

"ఉంది వదినా. కదల్లేదు. వచ్చే సీజనుకీ అదే వల."

"మీ దగ్గర కత్తులుంటాయి కదా."

వెనక ఇంజను చప్పుడు వినబడుతోంది.

"నేను వంటోణ్ణి వదినా," అన్నాడు.

నాకూ అలాంటి మాట ఒకటి ఉంది. కుట్టెయ్యండి అన్న రోజునే అది అనేశాను.

రెండేళ్లు తిరిగి కడపామెకు మళ్లీ సెలవు వచ్చింది. మొన్న శుక్రవారం పొద్దున వరండాలో తనే పెట్టె సర్దుకుంది. తాడు చుట్ట మేకుకు అలాగే వేలాడుతోంది. ఆమె దాని వంక చూసి, నన్ను టేపు అడిగింది.

మా బిల్డింగ్‌లో ఇప్పుడు పెట్టెలకు తాడు కట్టడం లేదు.