కవలల్లో పెద్దవాడు

మా దాదీ, అంటే నాయనమ్మ, పీరాంబీ ప్రొద్దుటూరులో మంత్రసాని. ఆమె అత్త కూడా మంత్రసానే. ఊళ్లో అందరూ ఆమెను బీమ్మ అనేవారు. బట్టల అంగళ్ల శెట్లు, తాలూకా కచేరీ గుమాస్తాలు, మగ్గాల వీధి వాళ్లు, ఎవరైనా ఏదో ఒక వేళ మా తలుపు తట్టినవాళ్లే. దారిలో ఎవరైనా పెద్దమనిషి ఎదురైతే దాదీ నా చెవిలో, "వీడు అడ్డం తిరిగినాడు, శానా ఏడిపించినాడు" అనేది. ఆ సంగతి తెలియక ఆయన మీసం దువ్వుకుంటూ పోయేవాడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి వేసవిలో ఒక మధ్యాహ్నం మా సందు మొదట్లో జీపు ఆగింది. ఇద్దరు దిగారు. ఒకాయన కడప వకీలు గురురాజారావు గారు. రెండో ఆయన తెల్లదొర. నలభై దాటిన మనిషి, బట్టతల, మెడంతా ఎండకు కందిపోయి ఉంది. వీధి పిల్లలు గుంపుగా వెంట వచ్చారు. నేను పరదా వెనక్కి జరిగాను.

దాదీ గడప దగ్గర వక్కలు దంచుకుంటూ ఉంది. దొర టోపీ తీసి, ఆమె ముందు వంగి, ముఖంలోకి చూశాడు. తర్వాత తెలుగులో, చిన్నపిల్లవాడి యాసతో, "బీమ్మా, ఆకలి" అన్నాడు.

దాదీ చేతిలో రోకలి ఆగిపోయింది.

"పెద్దోడా" అంది.

ఆయనకు మిగిలిన తెలుగు ఆ రెండు మాటలే. దాదీ జొన్నరొట్టె ముక్కలు పాలలో నానబెట్టి పెడితే, చాప మీద కాళ్లు ఎలా మడవాలో తెలియక అవస్థ పడుతూనే గిన్నె ఖాళీ చేశాడు.

ఆయన పేరు హ్యూ. వాళ్ల నాన్న ఇక్కడ కాలువ ఇంజనీరుగా ఉన్న కాలంలో హ్యూ, ఎడ్విన్ అని కవలలు కాలువ బంగళాలో పుట్టారు. వారం తిరగకముందే తల్లి జ్వరంతో పోయింది. అప్పటికి మా అబ్బ, అంటే నాన్న యూనుస్, దాదీ చంకలో బిడ్డ. ఆ పాలే ముగ్గురికీ పంచింది దాదీ. పాలిచ్చిన బిడ్డలు మాలో కన్నబిడ్డలతో సమానం. బడి వయసు వచ్చాక ఇద్దరినీ ఓడెక్కించి పంపేశారు. ఆ తర్వాత వాళ్ల ముఖం ఎరగదు. అయినా పిల్లలెంతమంది అని ఎవరైనా అడిగితే, యూనుస్‌తో కలిపి ముగ్గురు మగపిల్లలని చెప్పేది. ఇద్దరు యాడుండారో తెలీదు అనేది.

మా అబ్బ నూలు అంగడి నుంచి పరుగున వచ్చాడు. వకీలు గారు చాప మీదే కూర్చుని వచ్చిన పని చెప్పారు.

"వాళ్ల పెదనాయన ఒకాయన ఉండె. లార్డు హార్న్‌కోట్ అనేది ఆయన బిరుదు. మూడొందల ఏండ్ల కింద వాళ్ల రాజు ఇచ్చినాడంట, యుద్ధంలో గుర్రాలిచ్చి ఆదుకున్నందుకు. అప్పట్నుంచి పెద్దకొడుక్కి పోతా ఉంది. కొడుకు లేకపోతే తమ్ముని పెద్దకొడుక్కి. ఆడబిడ్డలకు పోదు. పొలమైతే గట్టేసి పంచుకోవచ్చు. దీన్ని పంచేదానికి లేదు. ఆ పెదనాయన బిడ్డల్లేక పోయినాడు."

"ఆ పేరుతో ఏమొస్తుంది సామీ?" అంది దాదీ.

"వాళ్ల పెద్దసభలో కూర్చోవచ్చు. అందరూ లార్డు అంటారు. పాత ఇల్లొకటి ఉంది. వానకు కురుస్తుందంట."

"కురిసే ఇంటికోసరం సముద్రం దాటి వచ్చినాడా" అన్నాడు మా అబ్బ. "మన ఇల్లు చూపించు అమ్మా, ఈడే ఉండిపోతాడు. నా పాలల్లో వాటా తాగినోడు లార్డు అయితాండు, నేను నూలు మూటలు మోస్తాండా."

దొర ఏమిటన్నట్టు చూశాడు. వకీలు గారు ఇంగ్లీషులో చెబితే గట్టిగా నవ్వి మా అబ్బ భుజం తట్టాడు. మా అబ్బ ఆ భుజాన్ని సాయంత్రం దాకా కదిలించకుండా నడిచాడు.

వాళ్ల దేశంలో బిరుదులు చూసే కచేరీ వాళ్లు సాక్ష్యం అడిగారట. కవలలని రాసి ఉంది గానీ ఎవరు పెద్దో ఎక్కడా లేదు. పుట్టినప్పటి నుంచి హ్యూనే పెద్దవాడిగా చూశారు గానీ, ఆ చూసినవాళ్లంతా పోయారు. కాన్పు గదిలో ఉన్నవాళ్లలో బతికి ఉన్నది మా దాదీ ఒక్కతే.

"జరిగింది చెప్పండి. రాసుకుంటా" అని వకీలు గారు కలం తీశారు.

దాదీ దొర చేయి తన ఒళ్లో పెట్టుకుని చెప్పింది.

"ఆ పొద్దు వంకలన్నీ పొర్లినాయి. జమ్మలమడుగు డాక్టరమ్మ కోసరం పోయిన బండి రాలేదు. వీళ్ల నాయన, ఆ ఇంజనీరు దొర, కాలువ తెగినచోట ఉండాడు. బట్లరు వచ్చి మా అత్తను పిలిచినాడు. వెంట నేనూ పోయినా. ముందు చిన్నోడు వచ్చినాడు, కాళ్లతో. శానాసేపు ఏడ్వలేదు, మా అత్త నీళ్లు చల్లి ఏడిపించింది. ఆ తర్వాత వీడు, పెద్దోడు. మా అత్త వీడి చేతికి నల్లదారం కట్టింది. దొర వచ్చినంక, ఈయప్ప పెద్దదొర అని చూపించింది."

కలం ఆగింది.

"ముందు వచ్చింది ఎవరంటివి?"

"చిన్నోడు."

వకీలు గారు కలానికి మూత పెట్టారు.

మా వైపు లెక్క ఆయనకూ తెలుసు. కవలల్లో ముందు కడుపులో పడినవాడు లోపలికి జరుగుతాడు. వెనక పడినవాడు వాకిట్లో ఉంటాడు. వాకిట్లో ఉన్నవాడు ముందు బయటికి వస్తాడు, లోపలివాడు తర్వాత వస్తాడు. అందుకని తర్వాత పుట్టినవాడే పెద్దవాడు. పులివెందుల దగ్గర ఒక మునసబు ఇంట్లో దాదీయే కవలలకు కాన్పు చేసింది. తండ్రి పోయాక మునసబు పని రెండోవాడికే వచ్చింది. మొదట పుట్టినవాడు అన్నకు దండం పెట్టి పక్కన నిలబడ్డాడు. ఊళ్లో ఎవరూ మారుమాట అనలేదు.

వకీలు గారు దొరవైపు తిరిగి ఇంగ్లీషులో ఒక్క ముక్క చెప్పారు. నన్ను మూడో ఫారంలో, అంటే ఎనిమిదో తరగతిలో, బడి మానిపించారు. మాట్లాడలేను గానీ నాలుగు ముక్కలు తెలుస్తాయి. పెద్దవాడివి నువ్వేనని ఈమె అంటోంది, అన్నారు. అంతే అన్నారు.

దొర ముఖం విచ్చుకుంది. దాదీ చేతిని తన కళ్లకు అద్దుకున్నాడు. రాబోయే చలికాలంలో తన పిల్లల్ని తీసుకొస్తానని, ఆమె పెట్టిన రొట్టె వాళ్లకూ తినిపిస్తానని చెప్పాడు. వకీలు గారు ఆ మాటను మాత్రం పూర్తిగా తెలుగులో చెప్పారు.

దొర కాలువ బంగళా చూస్తానంటే మా అబ్బ వెంట వెళ్లాడు. దాదీ పరదావైపు చూడకుండానే అడిగింది.

"రషీదా, నేను చెప్పిందంతా ఈ సామి చెప్పినాడా?"

వకీలు గారు పరదావైపు చూస్తున్నారు.

"లేదు దాదీ" అన్నాను.

ఆయన కోప్పడలేదు. మెల్లగా చాప దగ్గరికి జరిగారు.

"బీమ్మా, వాళ్ల దేశంలో లెక్క వేరే. ముందు బయటపడినోడే పెద్దోడు. నువ్వు వరుస చెప్పినావంటే బిరుదు ఎడ్విన్ దొరకు పోతుంది. ఇన్నేండ్లు పెద్దోన్నని బతికిన ఈయన ఒక్కరోజులో తమ్ముడైతాడు. రేపు తాలూకా కచేరీలో సాక్ష్యం రాసుకునే మేజిస్ట్రేట్ నిన్ను ఒకటే అడుగుతాడు, ఎవరు పెద్దోడని. హ్యూ దొర అను. వేలిముద్ర వెయ్. నీ లెక్కలో అది అబద్ధం కాదు. ఆ మునసబు ఇంట్లో నువ్వు చెప్పింది కూడా ఇదే కదా."

"ఆడ అందరిదీ ఒకటే లెక్క సామీ. పుట్టిన వరుసా చెప్పినా, పెద్దోడెవరో చెప్పినా. ఏదీ దాచలేదు."

"దాయమంటలేదు. అడగనిది చెప్పొద్దంటాండా."

దాదీ కాసేపు నేలమీద పడిన వక్కపొడి వేలితో కూడదీసింది.

"ఆ చిన్నోడు యాడుండాడు?"

"బడిపంతులు. యుద్ధంలో కాలికి దెబ్బ తగిలింది. ఈ పెదనాయన ఆస్తి దగ్గర ఇద్దరికీ మాటలు పోయినాయి. ఈయన ఇక్కడికి వచ్చినట్టు ఆయనకు తెలియదు."

"కాళ్లతో వచ్చినోనికి ఆ కాలికే తగిలిందా" అంది.

సాయంత్రం మా అబ్బ అరుగుమీద కూర్చుని చుట్టుపక్కల వాళ్లకు దొర తన తమ్ముడని చెబుతున్నాడు. లోపలికి వచ్చి తల్లి ముఖం చూసి సంగతి రాబట్టుకున్నాడు.

"అమ్మా, వాడు వచ్చినాడు. ఇంకొకడు ఇన్నేండ్లలో ఒక చీటీ ముక్కన్నా రాసినాడా? ఎవరు వస్తే వాడే బిడ్డ. రేపు నువ్వు వరుస ఎత్తితే వీడు మళ్లా ఈ వాకిలి తొక్కడు. అది నీకు తెలుసు."

"తెలుసు."

"మరి?"

"అన్నం తినుపో."

నేను ఆమెనే గమనిస్తూ ఉన్నాను. కాన్పుకు పోయేముందు చేసినట్టు గోళ్లు తీసుకుంది, చేతులు మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడుక్కుంది. కానీ ఆ పూట ఏ ఇంటి నుంచీ పిలుపు రాలేదు. పెట్టెలోంచి తెల్లచీర తీసి మడత విప్పి, మళ్లీ మడిచింది. రొట్టెలు చేయడానికి జొన్నపిండి జల్లించింది. దొర పొద్దున తింటాడని.

పొద్దున దొర తిన్నాడు. ఆయన తినడం పూర్తయ్యేదాకా దాదీ గిన్నెవైపే చూసింది.

తాలూకా కచేరీకి నేనూ వెళ్లాను, బురఖా వేసుకుని ఆమె వెనక. మేజిస్ట్రేట్ నడివయసు మనిషి, ముక్కుమీదికి జారిన కళ్లద్దాలు. పేరు, ఊరు, వృత్తి రాయించుకున్నాడు. దొర కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. వకీలు గారు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డారు.

"ఈ కవలల్లో పెద్దవాడు ఎవరమ్మా?"

దాదీ దొరవైపు చూసింది. ఆయన ధైర్యం చెబుతున్నట్టు చిన్నగా తల ఊపాడు. ఆమె ఆ ఊపుకే తల దించుకుంది.

"అమ్మా, నిన్నే."

"సామీ" అంది. "ముందు బయటికొచ్చింది ఎడ్విన్. ఆ తర్వాత హ్యూ. మేం తర్వాత వచ్చినోన్ని పెద్దోడంటాం. అట్లనే హ్యూ చేతికి దారం కట్టినాం. వాళ్ల దేశంలో ఎట్లంటారో నాకు నిన్ననే తెలిసింది. రెండూ రాసుకోండి. ఒకటే రాస్తే నేను వేలిముద్ర వెయ్యను."

వకీలు గారు చేతులు బల్లమీంచి తీసేశారు. మేజిస్ట్రేట్ కళ్లద్దాలు పైకి తోసుకుని ఆయనవైపు ఒకసారి చూసి, దొరకు తానే ఇంగ్లీషులో చెప్పాడు. నిదానంగా, ఏదీ వదలకుండా.

దొర మెడ మీది ఎరుపు ముఖంలోకి పాకింది. లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. నాకు అర్థమయ్యేంత మెల్లగా అడిగాడు, నిన్న ఎందుకు చెప్పలేదని. మేజిస్ట్రేట్ ఆ మాట తెలుగు చేశాడు.

"నిన్ననే చెప్పినా నాయనా. నీ దాకా రాలేదు."

దొర వకీలువైపు చూశాడు. బయట ఎవరో బంట్రోతును కేకేస్తున్నారు.

"ఇప్పుడు ఎందుకు చెప్పాలి అని అడుగుతున్నారు. మీ లెక్కే చెప్పి ఊరుకోవచ్చు కదా అంటున్నారు" అన్నాడు మేజిస్ట్రేట్. ఆ ప్రశ్న దొరదో తనదో నాకు తెలియలేదు.

"ఆయనకు చెప్పండి. ఈయప్ప నా కొడుకు. ఈయప్ప కోసరం అబద్ధమాడాలంటే ఆడుదును. కానీ ఆ ఇంకొకడూ నా కొడుకే. వాడు ఈడ లేడు. వాడి తరపున మాట్లాడేదానికి నేను తప్ప ఎవురుండారు?"

వేలిముద్ర వేయించుకున్నారు. సిరా తుడుచుకోవడానికి గుడ్డ ఎవరూ ఇవ్వలేదు. ఆమె తెల్లచీర కొంగుకే తుడుచుకుంది.

ఆ కాగితాన్ని వకీలు గారు అందుకోబోతే దొర ముందుగా తీసుకుని, కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. మెట్ల దగ్గర దాదీ ఎదురుగా ఆగాడు. రాత్రికి మళ్లీ రొట్టె చేస్తానని దాదీ సైగ చేసింది. ఆయన టోపీ పెట్టుకుని జీపెక్కాడు. వకీలు గారి కోసం కూడా ఆగలేదు. ఆయన బస్సులో కడపకు పోయారు.

మా అబ్బ కొన్నాళ్లు తల్లితో మాట్లాడలేదు. ఊళ్లో నవ్వేవాళ్లు నవ్వారు. "బీమ్మ చేతిలో లార్డు జారిపోయినాడు" అని బట్టల అంగడి దగ్గర ఒకడు అన్నాడు. దాదీ ఆగి, "నీ తమ్మున్ని నీకంటే ముందు తీయలేదని సంతోషపడు" అని నడిచిపోయింది. చలికాలం వచ్చింది. సందు మొదట్లో బండి చప్పుడైనప్పుడల్లా ఆమె పని ఆపేది. ఎవరూ రాలేదు.

మరుసటి ఏడు గురురాజారావు గారు ఏదో దావా మీద ప్రొద్దుటూరు వచ్చి, మా ఇంటికీ వచ్చారు. ఈసారి చాపమీద కూర్చోలేదు, గడప బయటే నిలబడ్డారు. హ్యూ దొర ఆ కాగితం తానే తీసుకుపోయి వాళ్ల బిరుదుల కచేరీలో ఇచ్చాడట. చించేసినా అడిగేవాళ్లు లేరు, అయినా ఇచ్చాడట. బిరుదు ఎడ్విన్ దొరకు వచ్చింది. హ్యూ దొర తన సొంత ఇల్లు అమ్ముకుని ఆఫ్రికాలో ఏదో తోట చూసుకోవడానికి పోయాడు.

దాదీ అప్పుడే సింహాద్రిపురం వైపు ఒక కాన్పుకు బయలుదేరుతోంది. బండి నిలిచి ఉంది. గుడ్డసంచి భుజాన వేసుకుని విన్నది.

"ఇద్దరికీ మాటలు కలిసినాయా సామీ?"

"అది నాకు తెలియదు బీమ్మా."

"ఉత్తరం రాసి కనుక్కోండి" అంది. "అది తప్ప నాకేం వద్దు. కనుక్కొని చెప్పండి."

ఆయన సరేనన్నారు. దాదీ బండెక్కింది. బండివాడు ఎద్దులను అదిలించాడు. వకీలు గారు సందు మొదలు దాకా ఆ బండి పక్కనే నడిచారు.