వ్యతిరేఖిస్తున్న తీగలక్క

“ఇంతమందిని ఇన్నేళ్ళుగా తిడుతున్నావు, ఒక్కడైనా మారాడా అమ్మాయ్?”

అడిగింది అత్తగారు, ఒక మధ్యాహ్నం, ముందుగదిలో. కోడలు నిచ్చెన కింది మెట్టు మీద కూర్చుని, భోజనం గిన్నె ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో ఫోన్‌లో టైపు చేస్తోంది. మడతపెట్టే ఫోన్ ఒకటి మార్కెట్లోకి వచ్చిందన్న వార్త కింద ఆమె రాస్తున్నది ఇదీ: “ఫోన్ మడతపడటం సరే, దాని ధర చూసి మనిషి నాలుగు మడతలు పడుతున్నాడు. వాణ్ణి సాపు చేసే యంత్రం ఏమైనా ఉందా?” పంపించి, ఫోన్ పక్కన పెట్టి, “వాళ్ళు మారడానికి కాదత్తయ్యా, నాకు తిన్నది అరగడానికి” అంది.

చుట్టుపక్కల అందరూ ఆమెను తీగలక్క అంటారు. నాలుగు వీధుల ఇళ్ళకు ఇంటర్నెట్ లైన్లు ఇచ్చేది ఆమే. పెద్ద కంపెనీ దగ్గర టోకున కొని ఇంటింటికీ చిల్లరగా పంచే వ్యాపారం. భర్త లారీ నడుపుతాడు, వారంలో రెండు రోజులు ఇంట్లో కనిపిస్తే గొప్ప. ముందుగదే ఆఫీసు. గోడవార ఇనుప అర, అందులో పచ్చదీపాలు మిణుకుమనే పెట్టెలు, ఆ పెట్టెలు వేడెక్కకుండా ఆగకుండా తిరిగే ఫ్యాను. ఆ గాలి పెట్టెలకే గాని మనుషులకు కాదని ఇంట్లో కట్టుబాటు. అర పక్కన కుర్చీలో అత్తగారు. ఫిర్యాదుల ఫోన్ ఆవిడ చేతిలోనే ఉంటుంది.

“ముందు ఆ డబ్బా ఆపు నాయనా. పది లెక్కపెట్టు. మళ్ళీ వెయ్యి. అప్పటికీ రాకపోతే అప్పుడు ఏడుద్దువుగాని.”

చాలా ఫిర్యాదులు ఈ మంత్రంతోనే తీరిపోతాయి. తీరనివాటికి తీగలక్క నిచ్చెన ఎక్కుతుంది.

ఎక్కని సమయంలో రాస్తుంది. ఒక వార్తల సైట్లో సాంకేతిక విశేషాల పేజీ ఉంది; అక్కడ ప్రతి వార్త కింద ఆమె అభిప్రాయం ఉండి తీరాలి. యంత్రం ఉత్తరాలు రాసిపెడుతుందన్న వార్త కింద, “రాసేదీ యంత్రమే, చదివేదీ యంత్రమే. మధ్యలో మనం తపాలా బంట్రోతులమా?” అని రాస్తే ఆ పూటంతా జనం నవ్వుకున్నారు. అయితే సామాన్యుడి నోట సత్యమే పలుకుతుందని నమ్మేవాళ్ళు ఇక్కడ కాస్త ఆగాలి. ఆమె అభిప్రాయాల్లో సగం తప్పులు. వేలితో తాకే తెరలు నాలుగురోజుల ముచ్చటని ఒకప్పుడు తేల్చేసింది. ఇప్పుడు ఆ తెర మీదే టైపు చేస్తూ, తానలా అననే లేదని వాదిస్తుంది. జనం ఇంట్లో కూర్చుని ఉద్యోగాలు చేస్తారంటే “పడుకుంటారు, పనేం చేస్తారు” అంది; ఆ పడుకున్నవాళ్ళ వల్లే ఆమె లైన్లు రెట్టింపయ్యాయి. ఒప్పుకోవడం మాత్రం ఆమె ఇంటావంటా లేదు.

ఆ పేజీలో ఆమెకొక శత్రువు ఉండేవాడు. తనకు తాను పెట్టుకున్న పేరు అచ్చుతప్పు. అతనికి ఏ వార్త మీదా అభిప్రాయం ఉండదు. ఇతరుల రాతల్లో అక్షరదోషాలు పట్టుకోవడమే అతని పని. తీగలక్క తిట్టేముందు ఒక వాక్యం కచ్చితంగా రాస్తుంది: “ఈ నిర్ణయాన్ని తీవ్రంగా వ్యతిరేఖిస్తున్నాను.” కాసేపటికి కింద జవాబు వచ్చేది: “వ్యతిరేకిస్తున్నాను. ఒత్తు లేదు.”

“ఒత్తు లేకుండా చెబితే ఎవడికి వినపడుతుంది?” అని ఆమె.

“వినపడటం వేరు, రాయడం వేరు.”

“నేను లైన్లు లాగేదాన్ని. రేఖ లేని వ్యతిరేకత నాకు వద్దు. అక్షరాల చీడపురుగులు దూరంగా ఉండగలరు.”

ఇలా ఏళ్ళు గడిచాయి. ఒత్తు అలాగే ఉండిపోయింది.

ఇంతలో ఇంటర్నెట్‌ను అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ ఒక ముసాయిదా నిబంధన విడుదల చేసింది. ఎవరు ఎప్పుడు ఏ సైటుకు వెళ్ళారో లైన్ ఇచ్చేవాళ్ళే ఏడాదిపాటు దాచిపెట్టాలి. అందుకు ఒక యంత్రం కొనాలి. పెద్ద కంపెనీ అయినా చిన్న వీధి లైనయినా తేడా లేదు. యంత్రం ధర చూస్తే తీగలక్క రెండేళ్ళ సంపాదన. కొనకపోతే లైన్ మూసెయ్యాలి. వార్త వచ్చిన వారానికే పెద్ద కంపెనీ మనిషి ఒకడు ఇస్త్రీచొక్కాతో వచ్చి, “మీరు లైన్లిచ్చిన ఇళ్ళన్నీ మాకు అప్పజెప్పండి మేడమ్, ఎంతో కొంత ఇస్తాం” అని చీటీ ఇచ్చి వెళ్ళాడు. ఆ ఎంతో కొంత ఎంతో చీటీ మీద లేదు.

అలవాటు చొప్పున ఆమె ఆ వార్త కింద అభిప్రాయం మొదలుపెట్టింది. అత్తగారు కళ్ళజోడు సర్దుకుంది. “ఇక్కడ అరిస్తే పక్కింటికి వినపడుతుంది. ఆఫీసువాళ్ళు వినాలంటే ఆఫీసుకే పోయి అరవాలి.”

మాట సూటిగా తగిలింది. ప్రజాభిప్రాయాలు పంపడానికి నెలాఖరు దాకా గడువుందని ఆ సంస్థ సైట్లోనే రాసి ఉంది. తీగలక్క ఒక పూటంతా కూర్చుని, తిట్లన్నీ రాసి, తర్వాత ఒక్కొక్కటే తీసేసింది. మిగిలింది ఇంతే:

“మాది నాలుగు వీధుల లైన్. ఈ యంత్రం కొంటే లైన్ మిగలదు. లైన్ మిగలకపోతే యంత్రంలో దాచడానికి ఏమీ ఉండదు. కాబట్టి ఈ నిబంధనను వ్యతిరేఖిస్తున్నాను.”

అదే వార్తల పేజీలో కూడా పెట్టి, కింద ఫిర్యాదుల నంబరిచ్చి, “నచ్చినవాళ్ళు ఇదే ఎత్తి రాసి పంపండి” అంది. పంపారు. ఆమె వినియోగదారులు పంపారు, వేరే ఊళ్ళలో ఆమెలాంటి చిన్న లైన్లవాళ్ళు పంపారు, వాళ్ళ బావమరుదులు, తోడికోడళ్ళు పంపారు. మక్కీకి మక్కీ. రాసింది తీగలక్క, అంటే చూసుకునే రాసి ఉంటుంది అనుకున్నారు. ఆమె రోజూ అత్తగారికి లెక్క చెప్పేది: ఇవాళ ఇంతమంది, ఇవాళ ఇంకా ఇంతమంది.

గడువు ముగిసింది. సంస్థ సారాంశం ప్రకటించింది. సమర్థించినవారు ఎక్కువ, వ్యతిరేకించినవారు వేళ్ళమీద లెక్కపెట్టేంత. వార్తల సైట్లో పెద్ద అక్షరాలతో శీర్షిక: నిబంధనకు చెప్పుకోదగ్గ వ్యతిరేకత లేదు. కింద ఎవడో రాశాడు: “అక్కా, నీ సైన్యం టిఫినుకి వెళ్ళిందా?”

తీగలక్క జవాబు రాయలేదు. మర్నాడు కూడా రాయలేదు. కొత్త గడియారం మీద, ఎగిరే కెమెరా మీద వార్తలొచ్చాయి. ఆమె పేరు ఎక్కడా లేదు. ఆ కంపెనీ మనిషి చీటీ సొరుగులోంచి తీసి, ఇనుప అర మీద ఆనించి పెట్టింది. అత్తగారు చీటీనీ కోడలినీ మార్చి మార్చి చూసింది.

“నోరుమూసుకునే కోడలు కావాలని లోకంలో ప్రతి అత్తా మొక్కుకుంటుంది. నాకు దొరికింది. భయమేస్తోంది.”

“మీ మొక్కు ఫలించింది, సంతోషించండి అత్తయ్యా.”

అప్పుడే ఫిర్యాదుల ఫోన్ మోగింది. అత్తగారు ఎత్తి, “ముందు ఆ డబ్బా ఆపు నాయనా” అంది.

“డబ్బా గురించి కాదండీ,” అంది అటునుంచి ఒక సన్నటి గొంతు. “ఖ గురించి.”

“ఏ కా?”

“ఒత్తు ఖ అండీ. తీగలక్క గారున్నారా? నన్ను అక్కడ అచ్చుతప్పు అంటారు.”

“కన్నవాళ్ళు పెట్టిన పేరేనా నాయనా?” అని అత్తగారు ఫోన్ కోడలికిచ్చింది.

అతను పాఠ్యపుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మనిషి. సారాంశంలో ‘ఇతరములు’ అని ఒక వరస ఉందట. సమర్థింపులకన్నా, వ్యతిరేకతలకన్నా ఆ వరసే పొడుగట. ఏమిటా ఇతరములని చూస్తే, వచ్చిన అభిప్రాయాలన్నీ సంస్థవాళ్ళు సైట్లో పెట్టే ఉన్నారు. చదువుతూ పోయాడు. అన్నీ నాలుగు వీధులే.

“అభిప్రాయాల్ని విడదీసింది యంత్రమండీ. వ్యతిరేకిస్తున్నాను అన్న మాట కనిపిస్తే ఒక పక్కకి, సమర్థిస్తున్నాను అంటే ఇంకో పక్కకి. మీ మాట దానికి తెలీదు. అందుకని మీ అందర్నీ ఇతరుల్లో పడేసింది.”

తీగలక్క నిచ్చెన మెట్టు మీద కూలబడింది. ప్రజాభిప్రాయమే దైవమని సభల్లో చెబుతారు. ఆ దైవానికి అక్షరదోషం గిట్టదని ఎవరూ చెప్పరు.

“అవన్నీ చదివారా మీరు?”

“అది నా ఉద్యోగమేనండీ. కాకపోతే అక్కడ జీతమిస్తారు.”

“మరి ఇన్నేళ్ళూ ఒక్కసారైనా గట్టిగా చెప్పి ఉంటే...”

“ఎన్నిసార్లు చెప్పానో మీకే తెలుసండీ. చీడపురుగు అన్నారు.”

ఆమె ఫోన్ రెండో చెవికి మార్చుకుంది. తర్వాత, “సరే. ఇంత కష్టపడ్డారు. ఈ నిబంధన అంటే మీక్కూడా మంటేనన్నమాట” అంది.

“లేదండీ. నేను అనుకూలమే. మా అక్క ఫోన్‌లో ఎవడి మాటో నమ్మి మోసపోయింది. వాడు ఎక్కణ్ణుంచి వచ్చాడో ఎవరూ చెప్పలేకపోయారు. ఇలాంటి యంత్రం ఉంటే దొరికేవాడని నా ఉద్దేశం.”

“మరి నాకెందుకు చెబుతున్నారు?”

“మీరు కాదన్నారు కదండీ. కాదన్నది కాదన్నట్టే అచ్చవ్వాలి.”

ఆ సాయంత్రమే సంస్థకు పంపాల్సిన ఉత్తరం ఫోన్ మీద రాయడం మొదలుపెట్టారు. ఆమె “అన్యాయం” అంటే అతను “పొరపాటు” అన్నాడు. ఆమె “బుద్ధిలేని యంత్రం” అంటే అతను “యంత్రం” దగ్గర ఆపేశాడు. మూడో వాక్యానికి ఆమె గొంతు వీధి చివరకు వినిపించింది. అత్తగారు టీ గ్లాసు కోడలి చేతిలో పెడుతూ, “పాపం, లైన్ కట్ చెయ్యకు, పెద్దమనిషిలా ఉన్నాడు” అంది.

ఉత్తరానికి జవాబు రాకపోతే ఆమె ఆ ఆఫీసుకు ఫోన్ చేసింది. వాళ్ళు మార్చి మార్చి చివరికి అభిప్రాయాల విభాగం అధికారిణికి ఇచ్చారు. ఆవిడ ఓపిగ్గా విన్నది. కాగితాలు తిరగేసిన చప్పుడు. ఇతరములు మనుషులే చదవాలన్నది ఏర్పాటట, కానీ ఆ పనికి మనుషుల్ని ఇవ్వలేదట.

“ఒక మాట చెప్పనాండీ?” అంది అధికారిణి. “నేనూ ఒత్తు పెట్టే రాస్తాను. తప్పని ఇవాళే తెలిసింది.”

“నాకైతే ఏళ్ళుగా తెలుసండీ,” అంది తీగలక్క. “ఒప్పుకోలేదంతే.”

మళ్ళీ లెక్కపెడతామంది అధికారిణి, ఫలితం మీద మాత్రం హామీ ఇవ్వలేనంది. లెక్కపెట్టారు. సవరించిన సారాంశంలో ఇతరములు దాదాపు ఖాళీ అయ్యాయి, వ్యతిరేకత పైకి లేచింది. వార్తల సైటు ఆ సంగతి లోపలి పేజీలో చిన్నగా వేసింది. తుది నిబంధన వచ్చేసరికి చిన్న లైన్లకు మూడేళ్ళు మినహాయింపు ఇచ్చారు, తర్వాత పునఃపరిశీలన. పెద్ద కంపెనీలకు యంత్రం తప్పలేదు. సత్యం జయించిందని చెప్పుకోవడానికి లేదు; మూడేళ్ళు దొరికాయి. తీగలక్క కంపెనీ మనిషి చీటీని నాలుగు ముక్కలు చేసి, ఊగుతున్న ఇనుప అర కాలి కింద పెట్టింది.

చిత్రం ఏమిటంటే, అచ్చుతప్పు ఇప్పుడు అభిప్రాయాలు రాస్తున్నాడు. చాలావరకు అధ్వానంగా ఉంటాయి. మొన్న పిల్లల ఫోన్లకు వయసు పరిమితి పెట్టాలన్న వార్త కింద అతను రాసిన పెద్ద పేరా చదివి, తీగలక్క స్తంభం దగ్గర స్కూటర్ ఆపి మరీ జవాబిచ్చింది: “అక్షరాలు బాగున్నాయి. లోపల సరుకు లేదు.” అతను “అంగీకరించను” అన్నాడు. సాయంత్రం దాకా సాగింది. మధ్యలో జనం చేరి ఇటు కొందరు, అటు కొందరు అయ్యారు.

అయిదో వీధివాళ్ళు ఏడాదిగా లైన్ అడుగుతున్నారు. యంత్రం భయంతో తీగలక్క ఇన్నాళ్ళూ “చూద్దాం” అంటూ వచ్చింది. ఈ నెలలో కొత్త తీగచుట్ట ఒకటి దింపించింది. భర్త లారీలోనే వచ్చింది కాబట్టి బాడుగ లేదు. నిన్న మొదటి స్తంభం నుంచి మూడో స్తంభం దాకా లాగింది. అత్తగారు కింద నిలబడి, “కుడికి, కుడికి” అని చెబుతూ ఎడమకు చూపించింది. తీగచుట్ట ధరలో సగం కట్టేసింది. మిగతా పద్దెనిమిది వేలు కొట్టువాడికి ఇంకా ఇవ్వాలి.