నీడకు గీతలు గీసిన పెద్దమ్మ

గత సోమవారం పొద్దున మా ఊరి అభివృద్ధి కమిటీ వాట్సాప్ గ్రూపులో పెద్దమ్మ ఫోన్ నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. మళ్లీ ఏం అనుమానం పుట్టిందో, షాపు తెరిచాక తీరిగ్గా విందాంలే అని పక్కన పెట్టాను. గంట తర్వాత వింటే అది ఆమె గొంతు కాదు, ఆమె కొడుకుది. నల్లగొండ దవాఖానలో అమ్మ పోయింది, మధ్యాహ్నానికి ఇంటికి తెస్తున్నాం అన్నాడు. ఆ గంట ఆలస్యం నన్ను ఇంకా పొడుస్తూనే ఉంది.

ఆమె నాకు చుట్టం కాదు. పక్కింటి చేనేత కుటుంబం. కొడుకు మగ్గం నేస్తుంటే ఆమె రాట్నం తిప్పుతూ కండెలకు నూలు చుట్టేది. ఊళ్లో సగం మందికి ఆమె పెద్దమ్మే. దేవరకొండ రోడ్డు మీద, బస్సులు ఆగే మా ఊరి స్టేజీ దగ్గర నాకు జిరాక్స్ షాపు ఉంది. ఆ ఒక్క అర్హతతో నన్ను కమిటీకి కార్యదర్శిని చేశారు. దరఖాస్తులు నేను రాసేవాణ్ని, కమిటీలో అందరికంటే పెద్దది కాబట్టి మొదటి సంతకం ఆమెది.

తెలియనిది కనబడితే ఆమెకు కాలు నిలిచేది కాదు. లైన్‌మన్ స్తంభం ఎక్కితే, ఆయన దిగేదాకా కింద నిలబడి, అన్ని తీగల్లో దేన్ని ముట్టాలో ఎట్లా తెలుస్తుందని అడిగేది. బోరు లారీ వస్తే, రాతిపొడి రంగు ఎందుకు మారుతోందని డ్రైవర్‌ను పట్టుకునేది. నేను విసుక్కుంటే, "తెల్వంది అడిగితే ఏం సిగ్గు బిడ్డా? తెల్సినట్టు ఊకుంటెనే సిగ్గు" అనేది. నేను ఆ ఊరకుండే రకం.

స్టేజీ దగ్గర, రోడ్డుకు పడమట నాలుగు కానుగ చెట్లున్నాయి. మా ఊళ్లో పదిమంది కూర్చునే పచ్చటి జాగా అదొక్కటే. తతిమ్మాదంతా గుట్టలూ పత్తి చేన్లూ. బస్సు షెడ్డు కావాలని కమిటీ తీర్మానించింది. ప్రయాణికులు నిలబడే చోటనే కట్టించాలని నేను షాపులో కూర్చుని దరఖాస్తు రాశాను. పెద్దమ్మ రెండుసార్లు చదివించుకుంది. ఒకసారి పోయి చూసొస్తానంది కూడా. రోజూ చూసే జాగానే కదా అని నేనే ఆపి సంతకం పెట్టించాను.

షెడ్డు మంజూరైంది. మేం మిఠాయిలు పంచుకున్నాం. ఆ వారమే కొలతలకు వచ్చిన మనిషి నాలుగు చెట్లకూ కొట్టేసే గుర్తుగా ఎర్ర రంగు పూసి వెళ్లాడు. ప్రయాణికులు నిలబడేది చెట్ల కిందే మరి. చెట్లున్నందుకే వాళ్లు అక్కడ నిలబడుతున్నారని కమిటీలో ఒక్కరికీ తట్టలేదు.

ఆమె షాపుకు వచ్చింది. నా ముందున్న కాగితాలను చూస్తూ, "నా సంతకంతోనే కొడుతున్నరా బిడ్డా?" అంది. తప్పు నాది. ఆ మాట ఆమె ఒక్కనాడూ అనలేదు. రెండు రోజులు మాత్రం రాట్నం ముట్టలేదు.

మూడో రోజు కొడుకు బండి మీద రాట్నం పెట్టించుకుని స్టేజీకి వచ్చింది. కానుగ కింద కూర్చుని, కండెలు చుడుతూ, వచ్చేపోయేవాళ్లను చూడటం మొదలుపెట్టింది. గంటకోసారి లేచి నీడ అంచు వెంట ముగ్గుపిండితో గీత గీసేది. పెద్దమ్మకు మతి పోయిందని చాయ్ హోటల్ దగ్గర నవ్వుకున్నారు. నేనూ నవ్వాను, దాచుకోవడం ఎందుకు. సాయంత్రానికి చూస్తే ఆ తెల్లటి గీతలు చెట్ల వెనక మొదలై, ఒక్కొక్కటే జరుగుతూ తారు రోడ్డు ఎక్కాయి.

"పొద్దుగాల చెట్లే సాలు. మూడు దాటినంక నీడ రోడ్డు మీద పడుతాంది, జనం గూడ రోడ్డు మీదనే నిలవడుతున్నరు. లారీలు గాళ్లను రాసుకుంటనే పోతున్నయి. షెడ్డు గావాల్సింది గప్పటికి" అంది.

చెట్లు కొట్టడానికి ఇంకా వారమే ఉంది. మా దరఖాస్తు మీద మేమే ఇంకో దరఖాస్తు పెట్టాం. ఇంజినీరు సారు మధ్యాహ్నం పన్నెండింటికి కోపంగానే దిగాడు. ఆమె వాదించలేదు. చెట్టు కింద కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, ఈ టేపు ఎంత పొడుగు, సిమెంటు ఎన్ని రోజులకు గట్టిపడుతుంది అని అడుగుతూ మూడు దాటేదాకా కూర్చోబెట్టింది. మీద ఎండ పడినప్పుడల్లా సారు కుర్చీ కాస్త కాస్త జరుపుకుంటూ పోయాడు. వెనక నుంచి లారీ హారన్ కొట్టేసరికి ఉలిక్కిపడి చూసుకుంటే, ఆయన కుర్చీ తారు రోడ్డు మీద ఉంది.

అడిగింది మీరే, వద్దనేదీ మీరేనా అన్నాడు. అప్పటికి కోపం సగం దిగింది.

"అవ్ సారూ. గప్పుడు సూడకుంట అడిగినం. ఇప్పుడు సూసి అడుగుతున్నం."

షెడ్డు చెట్ల పక్కన ఖాళీ జాగాలో లేచింది. మూడు దాటాక ఎండ ఏటవాలుగా వచ్చే మూలకు వీపు పెట్టి కట్టారు కాబట్టి రోడ్డుకు వంకరగా ఉంటుంది. "కాయితం కంటే ముందుగాల కాళ్లు పోవాలె" అన్న ఆమె మాట అప్పటి నుంచి మా కమిటీకి రివాజైంది. ఎవరో ఒకరు పూర్తిగా ఒక రోజు అక్కడ కూర్చుని వచ్చాకే నేను కలం తీస్తాను.

చివరిసారి దవాఖానలో చూసినప్పుడు ఆమె సెలైన్ సీసా వైపే చూస్తోంది. "గా బొట్టు గంత నిదానంగ ఎందుకు పడుతాంది? నర్సమ్మను అడిగి చెప్పు బిడ్డా" అంది. నర్సు హడావిడిగా ఉంది, నాకు మొహమాటం అడ్డొచ్చింది. అడగకుండానే వచ్చేశాను. ఇప్పుడు తెలుసుకున్నా చెప్పడానికి మనిషి లేదు.

అంత్యక్రియలకు వచ్చిన చుట్టాల్లో ఒకాయన మర్నాడు మధ్యాహ్నం బస్సు కోసం కానుగ కింద కూర్చున్నాడు. షెడ్డు గిట్ల వంకర కట్టిన్రేంది అని నన్నడిగాడు. మూడింటిదాకా కూర్చుంటే తెలుస్తుందన్నాను. బస్సు ఆలస్యమైంది. మాటల్లో ఉండగానే ఎండ మా మీదికి వచ్చింది. కూరగాయల గంపతో ఉన్న ఒకామె లేచి షెడ్డులోకి నడిచింది, ఆమె వెనక ఇద్దరు కాలేజీ పిల్లలు, తర్వాత ఈయన, సంచి చంకన పెట్టుకుని. ఎవరూ రోడ్డు వైపు పోలేదు. తారు మీద నాలుగు కానుగల నీడ ఒక్కటే పరుచుకుని ఉంది. లారీలు దాని మీదుగా వెళ్లిపోతున్నాయి.